అంచు రాయి, నడిమి రాయి

వారం నుంచి దగ్గుతున్న మా చిన్నవాడికి మిరియాల కషాయంలో కలిపి ఇద్దామని మొన్న వేంపల్లె సంతలో కలకండ కొనబోయాను. చక్కెరకే కరువొచ్చిన ఈ రోజుల్లో కలకండ కంటబడటమే గొప్ప. అంగడి సాయిబన్న అడుగున దాచిన సీసాలోంచి దారానికి పట్టుకుని ఉన్న పెళ్ల ఒకటి తీసి కాగితం మీద పెట్టాడు. నేను దాన్ని ఎండకు పట్టి, ఒక కన్ను మూసి, పలుకులు ఎంత లావున్నాయో చూస్తున్నాను.

"ఏం చూస్తాండావమ్మా? కల్తీ గాదు, నన్ను నమ్ము" అన్నాడు సాయిబన్న కొంచెం నొచ్చుకుని.

"కల్తీ కోసం కాదన్నా. ఇది నిదానంగా ఆరిందా, తొందరగా ఆరిందా అని చూస్తున్నా."

పొట్లం కట్టడానికి కాగితం మడుస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆయన కూతురు కూడా కడపలో నేను చదివిన ఆడపిల్లల బడిలోనే, నా తర్వాత చాలా ఏళ్ళకు చదివింది.

"నీగ్గూడా ఆ టీచరమ్మే చెప్పిందా?" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "పోయిందంట కదమ్మా, పోయిన నెల్లో. మా పాప ఒకటే ఏడుపు" అన్నాడు.

నాకు తెలియదు. ఎవరూ కబురు చెయ్యలేదు. కబురు చెయ్యడానికి మాకూ ఆమెకూ చుట్టరికమేదీ లేదు మరి. ఆమెది వేరే మతం, వేరే ఊరు, పెళ్ళీ పిల్లలూ లేని ఒంటి బతుకు. పొట్లం కొంగున ముడేసుకుని ఊరి దారి పట్టాను గానీ, ఆ దారి పొడుగునా ఆమే నా ముందు నడిచినట్టుంది.

ఆమె నడక ఎవరికైనా నవ్వు తెప్పించేది. ఏదో పారేసుకున్న మనిషిలాగా తల వంచి, నేలను వెతుక్కుంటూ నడిచేది. బళ్ళో కొత్తగా చేరిన పిల్లలు జాలిపడి, "ఏం పడిపోయింది టీచర్?" అని తామూ వెతకడం మొదలుపెట్టేవాళ్ళు. ఆమె ఒక్కసారి కూడా "ఏమీ పడలేదు" అని చెప్పిన పాపాన పోలేదు. వాళ్ళతో కాసేపు వెతికించి, చివరికి ఒక గులకరాయి వాళ్ళ చేతిలో పెట్టి, "ఇదే. దొరికింది, థాంక్స్" అనేది. ఆ పిల్ల ఆ రాయిని ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేది. నేనూ దాచుకున్నాను.

తెల్లచీర, మోచేతుల దాకా రవిక, మగవాళ్ళు పట్టుకునే పెద్ద గొడుగు. మెడలో నల్లతాడు, దానికి ఒక గుండ్రటి భూతద్దం. ఇంకొకరైతే అక్కడ తాళి ఉండేది, లేకపోతే సిలువ ఉండేది. ఆమె భూతద్దానికి చిన్నా పెద్దా తేడా లేదు. ఉప్పు, ఆవాలు, చీమ తల, ఏడుస్తున్న పిల్ల కన్ను, అన్నీ చూసేది. ఒకసారి బడి తనిఖీకి వచ్చిన పెద్ద దొరసాని మెడలో ముత్యాలు మెరుస్తుంటే, మాట మధ్యలో వంగి అద్దం పెట్టి చూసేసింది. ఆ ఏడు మా బడికి మంచి రిపోర్టు రాలేదని చెప్పుకున్నారు.

వేడివేడి కాఫీ మీద ఎవరైనా ఉఫ్ మని ఊదితే ఆమెకు ఒళ్ళు మండేది. తన గ్లాసును అరచేత్తో మూసి పెట్టుకుని కూర్చునేది. "దాన్నెందుకు తొందర పెడతారు? దానంతట అది ఆరతాది" అనేది. ఆమె కాఫీ తాగే సమయానికి మేం పాఠం సగం అప్పజెప్పేవాళ్ళం. అంత చల్లటి కాఫీ తాగే మనిషికి కోపం మాత్రం చిటికెలో వచ్చేది. సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు.

ఫిజియోగ్రఫీ అని ఒక పాఠం ఉండేది. భూమి, గాలి, నీళ్ళు, రాళ్ళు. మిగతా టీచర్లు అది చెప్పాలంటే పుస్తకం చదివించి ఊరుకునేవాళ్ళు. ఈమె ఒకరోజు రెండు గిన్నెలు, చక్కెర, బొగ్గుల కుంపటి తెచ్చి క్లాసులోనే పాకం పట్టింది. ఒకే పాకాన్ని రెండు గిన్నెల్లోనూ పోసింది. ఒక గిన్నెను తడి ఇసుకలో పెట్టి, చుట్టూ చన్నీళ్ళు పోయించింది. రెండో గిన్నెకు తన కంబళి చుట్టి, జొన్నపొట్టు నింపిన గంపలో పూడ్చి, పైన ఇంకో గంప బోర్లించింది. తర్వాత ఎవరూ ముట్టుకోకూడదని ఆజ్ఞ. మేం ఎన్ని రోజులు చొంగ కార్చుకున్నామో ఆ దేవుడికే తెలుసు.

తీసి చూస్తే, చన్నీళ్ళలో పెట్టిన గిన్నె అడుగున సన్నటి పిండి పేరుకుని ఉంది. గంపలో పూడ్చిన దాంట్లో వేలిగోరంత పలుకులు, అంచులు తీరి, ఎండ తగిలితే ధగధగమంటున్నాయి.

"పాకం ఒకటే. పోసింది నేనే. తేడా యాడొచ్చింది?" అని అడిగింది.

మాలో ఒక గడుగ్గాయి లేచి, "ముందు ఏది తియ్యగుందో చూస్తే గానీ చెప్పలేం టీచర్" అన్నది. ఆమె తీవ్రంగా ఆలోచించి రెండూ నాకి చూసింది. "రెండూ ఒకటే తీపి" అని తీర్పు చెప్పి, తక్కినది మాకు పంచింది. తింటూ విన్నాం కాబట్టి ఆ పాఠం ఇప్పటికీ పోలేదు. వేడి తొందరగా పోతే పలుకు పెరగడానికి వ్యవధి ఉండదు. వేడి నిదానంగా పోతే పక్క పలుకుల్ని కలుపుకుంటూ పెద్దదవుతుంది. రాయి సంగతీ అంతేనట. భూమి లోపల కరిగిన రాయి పైకి ఎగదన్ని బయట పారితే గాలి తగిలి గబగబా గడ్డకడుతుంది. దాంట్లో పలుకులు కంటికి ఆనవు. లోపలే పొరల నడుమ చిక్కుకున్నదైతే యుగాల కొద్దీ ఆరుతూ ఉంటుంది.

"ఓళిగ తిన్నారా? పైన పిండి, కింద పిండి, నడుమ పూర్ణం. వేంపల్లె దిక్కు కొండల్లో నల్లరాయి అట్లా సున్నపురాతి పొరల నడుమ దూరింది" అని చెప్పి, అక్కడి నుంచి మోసుకొచ్చిన రాళ్ళబుట్ట మా ముందు కుమ్మరించింది. పైనా కిందా చల్లటి సున్నపురాతికి ఆనుకున్న చోట తొందరగా ఆరింది కాబట్టి అంచు రాయి నున్నగా, పలుకే లేనట్టు ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ పలుకు లావవుతుంది. నట్టనడుమ రాయిలో అవి జొన్నగింజలంత ఉంటాయి. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి, అంచు నుంచి నడుముకు, నడుము నుంచి అంచుకు రాళ్ళను వరసగా పేర్చడం మా పరీక్ష.

ఇంకో నియమం కూడా ఉండేది. ఆమె ఒక రాయి చేతిలో పెడితే, ముందు "ఇది యాడ దొరికింది టీచర్?" అని అడగాలి. అడగకుండా పేరు చెప్పిన పిల్లకు, పేరు సరైనదే అయినా, సున్నా మార్కులు.

ఒకసారి నేను తెలివి చూపించబోయి, "అయితే టీచర్, మనుషులు కూడా నిదానంగా ఉంటేనే గొప్పవాళ్ళవుతారన్న మాట" అన్నాను. సుద్దముక్క వచ్చి నా నుదుటికి తగిలింది. "రాళ్ళ సంగతి రాళ్ళకే. మనుషులకు అంటించొద్దు. నున్నటి రాయి తక్కువదని ఎవురన్నారు నీకు?" అన్నది.

ఆ తర్వాత నాకు పెళ్ళయింది, వేంపల్లెకు బండి దూరంలో ఉన్న ఈ ఊరికొచ్చాను. మా మామకు ఇక్కడ మెట్ట చేను, ఒక పాతబావి. యుద్ధం నాళ్ళలో వరసగా వానలు మొహం చాటేసి ఆ బావి ఎండిపోయింది. మామ కొత్తబావి తవ్వించడం మొదలుపెట్టాడు. మట్టి, మొరం దాటి కొంచెం దూరం పోయాక నల్లరాయి తగిలింది. రాయి పేల్చే మందు ఆ రోజుల్లో దొరికేది కాదు. కంపకట్టెలు దించి రాతి మీద మంట పెట్టి, బాగా కాలినాక నీళ్ళు కుమ్మరిస్తే రాయి బీటలిస్తుంది. ఆ బీటల్లో గునపాలు దూర్చి పెళ్ళగించాలి. తాగడానికే నీళ్ళు లేని చోట, నీళ్ళ కోసం నీళ్ళు పారబోస్తున్నాం.

"ఈ బాయిలో గంగ పడకపోతే ఇంగ ఈ ఊర్లో మనకు పని లేదు. చేను వదిలేసి ఎర్రగుంట్ల పోయి రాళ్ళు కొట్టుకుని బతుకుదాం" అని మామ తేల్చి చెప్పేశాడు. ఆ మాట విన్న రోజు నుంచి మా అత్తకు ముద్ద దిగలేదు. పసిపిల్లగా ఈ ఇంట్లో కాలుపెట్టిన మనిషి. గంగమ్మ మీదే భారం వేసి కూర్చుంది.

బావి తవ్వేటప్పుడు మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ప్రతి శుక్రవారం బావి అడుగున తెగిన రాయి ఒకటి పైకి తెచ్చి, గట్టు మీద పెట్టి, పసుపు పూసి, కుంకుమతో కళ్ళూ బొట్టూ దిద్దుతారు. గంగమ్మ రాయి అంటారు. ఇంటి పెద్దావిడ చెయ్యాల్సిన పని అది. నీళ్ళు పడేదాకా ఆ రాళ్ళ వరస పెరుగుతూ పోతుంది. మా గట్టు మీద అప్పటికి చాలా పెద్ద వరసే ఉంది.

మామ గునపాలు ఆపించెయ్యాలన్న ఆలోచనలో పడ్డాడని తెలిసి, నేను కడప పోయే బస్సు డ్రైవరుతో టీచరమ్మకు కబురు పెట్టాను. ఆ వచ్చిన ఆదివారమే ఆమె దిగింది. బొగ్గుతో నడిచే బస్సు కాబట్టి తెల్లచీర మీద మసి, ముక్కు మీద మసి. మా అత్త వసారాలోనే చాప వేసి, విడిగా ఉంచే గ్లాసులో కాఫీ ఇచ్చింది. టీచరమ్మ ఆ తేడా గమనించకుండా ఉండే మనిషి కాదు. గ్లాసును అరచేత్తో మూసి పక్కన పెట్టుకుంది.

"కాఫీ బాగల్యా టీచరమ్మా?" అన్నది అత్త కంగారుగా.

"బాగుండాదక్కా. ఆరనీ" అన్నది.

గట్టు మీదికి పోగానే ఆమె చూపు గంగమ్మ రాళ్ళ వరస మీద పడింది. ముఖం వెలిగిపోయింది. వారం వారం అడుగు నుంచి తీసిన రాయి, వరస తప్పకుండా! ఏ కాలేజీలోనూ ఇట్లా పెట్టి ఉండరన్నది. గొడుగు పక్కన పారేసి, చతికిలబడి, ఒక్కొక్క రాయినీ వెనక్కు తిప్పి, పసుపు లేని వైపు భూతద్దం పెట్టి చూస్తూ వరస వెంబడి కూర్చున్నచోటి నుంచే జరుగుతూ పోయింది. మొదట్లో నున్నటివి. తర్వాత పలుకు తేలినవి. ఆ తర్వాత లావు పలుకులు. చివర్లో మళ్ళీ నున్నటివి.

లేచి చేతులు దులుపుకుంది. "పెద్దాయనా, నడుమ దాటేసినారు. మళ్ళీ అంచుకొచ్చినారు. నల్లరాయి ఇంగ ఎంతో లేదు. నీళ్ళుంటాయని నేను చెప్పను. కింద సున్నపురాయి వస్తాదని, నీళ్ళు దూరే సందులు ఉంటే దాంట్లోనే ఉంటాయని మాత్రం చెప్తా. ఆపొద్దు" అన్నది.

మామ ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది. పని ఆగకుండా సాగడానికి పాడి ఎనుమును అమ్మేశాడు. అత్త చేతి మేత తిని పెరిగిన ఎనుము అది. దాన్ని తోలుకుపోతుంటే ఆమె ఇంట్లోకి వెళ్ళిపోయింది గానీ అడ్డం చెప్పలేదు.

సున్నపురాయి రాలేదు. ఎనుము డబ్బులు కరిగిపోతున్నాయి, నల్లరాయి మాత్రం తరగడం లేదు. బావి మేస్త్రీ ఒకరోజు మామ దగ్గరికొచ్చి, "ఏమో పెద్దయ్యా, దిగేకొద్దీ రాయి ఇంగా గరుకైతాంది. మెరుపు గూడా ఎక్కువైతాంది. ఆ టీచరమ్మ ఏం జూసి చెప్పిందో" అన్నాడు. మామ నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. మళ్ళీ బస్సు డ్రైవరునే బతిమాలాను.

ఈసారి ఆమె వసారాలో కూర్చోలేదు. బండి దిగి నేరుగా బావి దగ్గరికి పోయి, "నేను దిగి చూడాల" అన్నది.

మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. "తప్పు టీచరమ్మా. గంగ రాకముందు ఆడమనిషి బాయిలో దిగకూడదు. మా పెద్దల కాలం నుంచి అంతే."

"దిగేది టీచరు, మేస్త్రీ. పైకొచ్చినాక ఆడమనిషినైతాలే" అని కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, రాళ్ళు పైకి లాగే పెద్ద గంపలో కూర్చుంది. మామ తల ఊపక తప్పలేదు. మనుషులు తాడు వదిలారు. ఆ వయసులో, అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి గంపలో ముడుచుకుని కిందికి పోతుంటే నేను గట్టు అంచుకు పోయి తొంగి చూశాను. కింద చాలాసేపు ఉంది. పైకి ఏమీ వినపడలేదు.

పైకొచ్చేటప్పుడు ఒళ్ళో ఒక రాయి ఉంది. చీర నల్లబడింది. గంప దిగి, ఆ రాయిని మామ చేతిలో పెట్టింది. దాంట్లో పలుకులు భూతద్దం లేకుండానే కనిపిస్తున్నాయి.

"ఇది నడిమి రాయి పెద్దాయనా. అంచు గాదు. మీరిప్పుడు నట్టనడుమ ఉండారు. ఇంతదాకా ఎంత నల్లరాయి తవ్వినారో, ఇంగా అంత ఉండాది. నేను చెప్పింది తప్పు."

ఆమె వరస దగ్గరికి పోయి, చివరి రాళ్ళలో ఒకటి తీసి చూపిస్తూ, "ఈ నున్నటియి యాడియి? బాయిలో ఇట్లాంటిది ఒక్కటీ లేదే" అన్నది.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాయి రాయంతా గరుకు గరుకుగా వచ్చె. పసుపు పూస్తే గుంతల్లో దిగబడిపాయె. కన్ను సరిగ్గా దిద్దను రాకపాయె. గంగమ్మకు అట్లాంటి మొగం పెడతామా టీచరమ్మా? కింద వంకలో నున్నటియి ఉంటే తెచ్చి పెట్టినా. అదీ నల్లరాయే గదా అని."

మామ ఒక్కసారిగా భగ్గుమన్నాడు. "ఎంత పని చేస్తివే! నీ నున్నటి రాళ్ళను నమ్ముకొని ఎనుమును అమ్ముకుంటిమి గదే!" అని చెయ్యి ఎత్తినంత పని చేశాడు.

టీచరమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఆమెను అనొద్దు. ఆమె దేవుడికి మంచి రాయి ఏరి పెట్టింది, అది ఆమె పని. రాయి యాడిదని అడగాల్సింది నేను. నా పిల్లోళ్ళు అది అడక్కపోతే సున్నా ఏస్తా. నేను అడగల్యా. గబుక్కున సన్నబడిన రాయిని చూసినప్పుడే నాకు అనుమానం రావాల. రాలేదు. మీకు నీళ్ళు పడాలని నాగ్గూడా ఆశ ఉండె. అది ఉండబట్టి కన్ను మూసుకుపోయింది. తప్పు పూర్తిగా నాది."

అంతమంది మగవాళ్ళ ముందు, కూలీల ముందు, తప్పు నాది అని ఒక చదువుకున్న మనిషి నోరు తెరిచి చెప్పడం మా ఊరికి కొత్త. మేస్త్రీ తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఆమె మీద నాకు కలిగిన గౌరవం అంతకుముందు బళ్ళో ఎప్పుడూ కలగలేదు.

ఆమె కాసేపు ఆ నున్నటి రాయిని చేతిలో తిప్పుతూ నిలబడింది. ఉన్నట్టుండి తల ఎత్తింది.

"అక్కా, ఆ వంక యాడుండాది? నాకు చూపిస్తావా?"

మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరూ బయలుదేరారు. ముందు అత్త, వెనక గొడుగు మరిచిపోయి నేలను వెతుక్కుంటూ టీచరమ్మ. నేను వాళ్ళ వెనక. మా చేనికి దిగువన, మేకలు తప్ప ఎవరూ తిరగని పోరంబోకు లాంటి నేల తుండు ఒకటి మాకే ఉండేది. దాన్ని ఆనుకునే వంక, వానొస్తేనే పారే చిన్న వాగు. గట్టంతా తుమ్మ, బలుసు. అత్త ఒకచోట కంప పక్కకు లాగి, "ఈడే" అన్నది.

టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి గీకింది. పైన నున్నటి నల్లరాయి. దాని కింద, గీత గీసినట్టు, తెల్లగా సున్నపురాయి. ఆ రెండూ కలిసే చోట వేలు పెట్టి అట్లాగే ఉండిపోయింది.

"అక్కా, ఆ నల్లపొర మీ బాయి కింద నుంచి వాలుగా వచ్చి ఈడ బయటపడింది. ఇది దాని అడుగు అంచు. మనం కిందికి దిగి చేరాలనుకున్న చోటు ఇది. నువ్వు వారం వారం వచ్చి నిలబడిన చోటు" అని, మెడలో తాడు తీసి భూతద్దం అత్త కంటికి పెట్టింది. ఆ తాడు ఆమె మెడ దిగడం నేనెప్పుడూ చూడలేదు.

అత్త చాలాసేపు చూసి, భయంభయంగా, "నాకేమీ కనపడల్యా టీచరమ్మా. పలుకూ లేదు, ఏమీ లేదు. అంతా ఒకటే నలుపు" అన్నది.

"అదేనక్కా చూడాల్సింది" అని టీచరమ్మ పకపకా నవ్వింది.

మామ మాత్రం నవ్వలేదు. ఆ తుండులో, నల్లరాయి కింద సున్నపురాతిలో తవ్వమంటే, "ఒకసారి నమ్మి మునిగినాం. ఇంగోసారా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. టీచరమ్మ బలవంతం చెయ్యలేదు. "నన్ను నమ్మొద్దు పెద్దాయనా. నల్లరాయి తగిలితే ఆ రోజే ఆపేయండి. నీళ్ళ సంగతి మళ్ళీ చెప్తాండా, నాకు తెలీదు" అని బండి ఎక్కడానికి పోయింది.

అప్పుడు మా అత్త, మామ ఎదుట ఎన్నడూ గొంతెత్తని మనిషి, వసారాలో ఆయన ముందు నిలబడింది. "ఆమె తప్పు ఆమె ఒప్పుకొనింది. నా తప్పు గూడా ఆమే నెత్తిన పెట్టుకొనింది. అట్లాంటి మనిషి మాట ఇనకుంటే ఇంగెవురి మాట ఇంటావు? నేను ఎర్రగుంట్లకు రాను. ఆ తుండులో తవ్వు. నువ్వు తవ్వకపోతే నేనే గునపం పడతా" అన్నది. మామ ఆమె వైపు చూసి చూసి, గడపలో ఉన్న చెప్పులు తొడుక్కుని మేస్త్రీ కోసం పోయాడు.

వంక పక్కన బావిలో నల్లరాయి తగల్లేదు. సున్నపురాతి సందులోంచి మొదట చెమ్మ, తర్వాత వేలి లావు ధార. పైన చేనికి ఎక్కించడానికి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలేవాళ్ళకు నడుములు పడిపోతాయి గానీ, ఆ బావి ఇంతవరకు మమ్మల్ని ఎర్రగుంట్లకు పంపలేదు. గట్టు మీది గంగమ్మ రాళ్ళన్నిటినీ, గరుకువీ నున్నటివీ కలిపి, అత్త ఆ నీళ్ళలోనే వేసింది.

ఆ తర్వాత టీచరమ్మ ఎండాకాలం సెలవుల్లో వచ్చిపోతూ ఉండేది. అత్త లోపల వంటింట్లోనే పీట వేసి ఓళిగలు పెట్టేది. ఆ విడి గ్లాసు ఎప్పుడు మాయమైందో నేను చూడలేదు. వచ్చిన ప్రతిసారీ టీచరమ్మ నీళ్ళున్న బావికంటే ముందు ఆ ఎండుబావి దగ్గరికి పోయేది. అందులో పావురాలు కాపురం పెట్టాయి. తొంగి చూసి, "నా తప్పు బాగుండాది. పిల్లల్ని గూడా పెట్టింది" అనేది. మామ కూడా నవ్వేవాడు.

ఈ రెండేళ్ళుగా ఆమె రాలేదు. ఒంట్లో బాగాలేదని విన్నాం. పంటకోతలు, పిల్లల జ్వరాలు, ఏదో ఒకటి అడ్డం వచ్చి మేమూ పోలేకపోయాం.

సంత నుంచి ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లో కొర్రలు చెరుగుతోంది. ఎట్లా చెప్పాలో తెలియక, "టీచరమ్మ పోయిందంట అత్తా. పోయిన నెల్లోనే" అనేశాను.

చేట ఆగింది. "ఎవురు చెప్పినారు?" అన్నది. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. చేట గోడకు ఆనించి, బిందె చంకన పెట్టుకుని వంక దిక్కు నడిచింది. ఈ వేళప్పుడు నీళ్ళకెందుకో అర్థం కాక వెనకే పోయాను.

రక్తం పంచుకున్నవాళ్ళు పోయారన్న కబురు ఎప్పుడు చెవిన పడితే అప్పుడు, ఎన్ని రోజులైనా సరే, ఉన్నపళంగా కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవాలి. పరాయివాళ్ళకు ఆ అవసరం లేదు. ఊళ్ళో మంచి స్నేహితులు పోయినా అత్త అట్లా చేసింది లేదు.

ఆమె వంక పక్క బావి మెట్లు దిగి, నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, బిందె ముంచి తలమీద కుమ్మరించుకుంది. ముగ్గుబుట్టలా నెరిసిన జుట్టు విడిపోయి ముఖం మీద పడింది. ఇంకో బిందె ముంచి, మెట్టు మీద నిలబడిపోయిన నా వైపు చాచింది.

"చూస్తాండావేం మే? నువ్వు గూడా పోసుకో. మనకు మైల" అన్నది.